తిరిగి చూస్తే ఆగే గుర్రం

పెళ్లిచూపుల్లో పెళ్లికూతుర్ని చూసి మణిదీప్ భయపడలేదు గానీ, పెళ్లిగుర్రాన్ని చూసి మాత్రం భయపడ్డాడు. దానికి కారణం కొనకనమిట్లలో జరిగిన ఒక స్నేహితుడి పెళ్లి. ఆ పెళ్లికొడుకు తలపాగాతో సహా గుర్రం మీద నుంచి జారి, బ్యాండు మేళంలో పెద్ద డ్రమ్ము మోసే అతని మీద పడ్డాడు. ఆ వీడియో తీసి అందరికీ పంపింది మణిదీపే. ఇప్పుడు తన పెళ్లి దగ్గర పడేసరికి, ఫోన్లు పట్టుకుని తన కోసం ఎంతమంది కాచుకుని ఉంటారో తలుచుకుంటే వాడికి నిద్ర పట్టడం లేదు.

గుర్రం వద్దంటే సరిపోయేది. కానీ గిద్దలూరు నుంచి వచ్చే ఆడపెళ్లివారు, ముఖ్యంగా పెళ్లికూతురు సింధూజ చెల్లెళ్లు, బావ గుర్రమెక్కి వస్తే చూడాలని ముచ్చటపడ్డారు. అందుకని పెళ్లికి ముందు వారమంతా రోజూ పొద్దున్నే పోయి స్వారీ నేర్చుకుందామనుకున్నాడు. ఒక్కడే పోవడానికి సిగ్గేసి తల్లిని కూడా బండి ఎక్కించుకున్నాడు.

తల్లి సావిత్రమ్మ మార్కాపురం బజారులో బెల్లం, నూనెల దుకాణం నడుపుతుంది. భర్త పోయిన దగ్గర్నుంచి గల్లాపెట్టె దగ్గర ఆమే కూర్చుంటోంది. ఖాళీ చేతులతో ఎవరింటికీ పోవడం తెలియని మనిషి. గుర్రాన్ని చూడబోతూ కూడా కొంగున ఇంత బెల్లం కట్టుకుంది.

ఊరి బయట పలకల గనుల్లోంచి తీసి పారబోసిన రాతిముక్కల దిబ్బలున్నాయి. మాఘమాసం మంచులో వాటి మొదళ్లు కనిపించడం లేదు, కొసలు మాత్రం తేలుతున్నాయి. దిబ్బలు దాటాక చదునైన మైదానం. అందులో ముందు గిట్టల చప్పుడు వినిపించింది, తర్వాత గుర్రం కనిపించింది. గోధుమరంగు గుర్రం మీద ఒక చిన్నపిల్ల గుండ్రంగా తిరుగుతూ మంచులోకి పోతోంది, మళ్లీ వస్తోంది. ఆ పిల్ల అట్లా మాయమై మళ్లీ తేలుతుంటే సావిత్రమ్మ బండి దిగడం మరిచిపోయి చూసింది.

మైదానం మధ్యలో నిలబడి ఆ పిల్లకు నేర్పుతున్నది కేథరిన్. ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. వాళ్ల నాన్న విక్టర్ పెళ్లిళ్లకు గుర్రాలు తిప్పేవాడు. ఆయన పోయాక రెండు గుర్రాలూ ఆమెకు మిగిలాయి. గోధుమరంగు దాని మీద పిల్లలకు స్వారీ నేర్పుతుంది. తెల్లదాన్ని పెళ్లిళ్లకు తీసుకుపోతుంది. తెల్లదాని పేరు వెన్నెల.

మణిదీప్‌ను వెన్నెల మీదికి ఎక్కించడమే పెద్ద పనైంది. ఎక్కాక వాడు కళ్లెం లాగాడు, మడమలతో డొక్కల్లో పొడిచాడు, నాలుకతో టక్కుటక్కుమన్నాడు. వెన్నెల ఒక వెనకకాలు వదులుగా మడిచి, పెదవి వేలాడేసి, వేరే ఎవరి మీదనో జరుగుతున్న గొడవలాగా ఊరుకుంది.

“ఏంది ఇది, స్టార్ట్ గావట్లా?” అన్నాడు మణిదీప్.

“బైకు గాదన్నా, కిక్కు కొడితే పోను,” అంది కేథరిన్. “ఇన్నేండ్లల్లో దీని మీద ఎంతమంది పెళ్లికొడుకులు ఎక్కినారో. అందరూ భయానికి తన్నేది, లాగేది. పైనున్నోళ్లు ఏం జేసినా దానికో అర్థం లేదని తెలుసుకునింది. ఇంక పట్టించుకోడం మానేసింది.”

సావిత్రమ్మకు ఆ మాట ఎక్కడో తగిలింది. గుర్రానికి కాస్త దూరంగా నిలబడి కొంగు ముడి విప్పింది. బెల్లం వాసనకు వెన్నెల చెవులు లేచాయి. ఒక అడుగు వేసింది, ఇంకో అడుగు వేసింది. పైన మణిదీప్ ముందుకు పడి దాని మెడను కావలించుకున్నాడు.

“నడిచింది మా! ఇంకో ముక్క పెట్టు!”

దుకాణంలో ఆమె పద్ధతీ అదే. తూకం అయ్యాక కూడా కదలకుండా నిలబడి చూసేవాళ్లకు గుప్పెడు కొసరు వెయ్యడం, వాళ్లు మళ్లీ వచ్చేట్టు చేసుకోవడం. ఆ పొద్దున గుర్రానికి కూడా కొసరు మీద కొసరు వేసి, కొడుకును మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు చేర్చింది. మణిదీప్ దిగి, నేర్చుకోవడం అయిపోయిందని ప్రకటించాడు. కేథరిన్ నవ్వుకుంటూ కళ్లెం అందుకుంది.

ఇంటికి వచ్చేసరికి కొమరోలు నుంచి పార్వతమ్మ దిగి ఉంది. ఆమె సావిత్రమ్మకు ఆడబిడ్డ, చనిపోయిన భర్తకు అక్క. చెడ్డమనిషి కాదు. తమ్ముడు పోయిన రోజుల్లో ఈ ఇంట్లోనే ఉండి, సావిత్రమ్మకు అన్నం కలిపి ముద్దలు తినిపించిన మనిషి. ఆమే ఇప్పుడు నట్టింట్లో కూర్చుని, తమలపాకులు తుడిచి పేరుస్తూ, పెళ్లిలో ఎవరు ఎక్కడ నిలబడాలో పురమాయిస్తోంది.

“గుర్రమెక్కేటప్పుడు నేను హారతి పట్టుకోని ఎదురొస్తా,” అంది, తల ఎత్తకుండా. “నువ్వు ఆ కాసేపు మధ్యగదిలో ఉండు సావిత్రీ. ఊరేగింపు మలుపు తిరిగినాక ఆటో ఎక్కి మండపానికి రా. నేను పెట్టిన పద్ధతి గాదు గదా ఇది.”

“అట్లనే వదినా.”

“ఏంటత్తా ఇది, అమ్మ లేకుండా ఎట్ల?” అన్నాడు మణిదీప్.

“నీ మేలుకే నాయనా. నీకు తెలీదులే.”

మణిదీప్ తల్లి ముఖం చూశాడు. ఆమె నవ్వుతోంది. వాడికి అది చాలు, ఫోను చూసుకుంటూ లేచిపోయాడు.

ఎవరూ చెప్పకముందే తప్పుకోవడంలో సావిత్రమ్మకు బంధువుల్లో మంచి పేరుంది. ఎవరి పెళ్లిలోనైనా మంగళసూత్రం పళ్లెం తిరిగే వేళకు ఆమె స్తంభం వెనక్కి చేరిపోయి ఉంటుంది. అదేమీ కష్టంగా ఉండేది కాదు, ఉన్నా అలవాటైపోయింది. కానీ ఇది తన కొడుకు పెళ్లి. వాడు తలపాగా పెట్టుకుని గుర్రం మీద కూర్చుంటే చూడాలని ఆమెకు ఆశ. ఆ ఒక్క చూపు కోసమే వారం నుంచి లోలోపల పండగ చేసుకుంటోంది. మధ్యగదికి వీధివైపు కిటికీ లేదు. ఆ మధ్యాహ్నం పనేమీ లేకున్నా ఆ గదిలోకి పోయి, గోడలు కొత్తగా చూసినట్టు చూసి వచ్చింది. ఏడవాలనిపించింది. ఇంటినిండా జనం, అందుకని పోయి తమలపాకులు తుడుస్తూ కూర్చుంది.

మర్నాడు మణిదీప్ లేవలేదు. తనకు వచ్చేసిందట, ఇంక అవసరం లేదట. సావిత్రమ్మ ఆటో మాట్లాడుకుని ఒక్కతే పోయింది. గుర్రానికి మన మనుషుల వాసన అలవాటైతే పిల్లవాడికి మంచిదని తనకు తాను చెప్పుకుంది. నిజానికి ఆమెకు ఆ తెల్లగుర్రం పక్కన కాసేపు నిలబడాలని ఉంది. దాని పక్కన ఎవరూ ఏమీ అడగరు.

వెన్నెల ఆమెను చూడగానే దగ్గరికి వచ్చి, మూతి కొంగులో పెట్టి నిలబడిపోయింది. ముక్క పెట్టింది. నమిలి, మళ్లీ నిలబడింది. ఇంకో ముక్క పెట్టింది. అయినా అంతే.

కేథరిన్ నవ్వు ఆపుకోలేకపోయింది. “పెద్దమ్మా, నిన్న మీరు దానికి నడిచేది నేర్పలా. ఆగేది నేర్పినారు. ఆగితే బెల్లమొస్తది, ఇంకొంచెం మొండికేస్తే ఇంకో ముక్కొస్తది. ఊరేగింపులో నడిబజార్లో ఇదే పని జేస్తే ఏంది మన గతి?”

సావిత్రమ్మకు తన దుకాణం ముందు కదలకుండా నిలబడే ఖాతాదార్లంతా వరసగా కళ్లముందు మెదిలారు. వాళ్లందరినీ అట్లా తయారుచేసింది తనేనా అని ఆశ్చర్యపోయింది. మిగిలిన బెల్లం గోధుమరంగు దానికి పెట్టేసి, చేతులు దులుపుకుంది.

“మరెట్ల నడుస్తది?”

“తాడు పట్టుకోని ముందర నడవండి. లాగొద్దు. వెనక్కి జూడొద్దు.”

సావిత్రమ్మ తాడు పట్టుకుని నాలుగడుగులు వేసింది. గుర్రం వస్తోందా లేదా అని తిరిగి చూసింది. వెన్నెల ఆగిపోయింది. మళ్లీ నడిచింది, మళ్లీ చూసింది, మళ్లీ ఆగింది. విసుగులేదు, మొండితనమూ లేదు. ఆమె ముఖం తిరగడం, దాని కాళ్లు ఆగడం, అంతే.

“ఎందుకట్ల?”

“ఊరేగింపులో కుర్రోళ్లు డ్యాన్సు చెయ్యాలంటే మా నాయన వెనక్కి తిరిగి దీనికి ఎదురుగా నిలబడేవోడు. తిరిగినాడంటే ఆగాలని దాని లెక్క. డ్యాన్సు అయినాక మళ్లీ వీపు జూపిచ్చి నడిచేవోడు. మీరు తిరిగి జూస్తే ఆగమన్నారనుకుంటది. అది మీ మాట వినకపోడం గాదు పెద్దమ్మా, వినడమే.”

చెప్పినంత తేలిక కాదు అది. సావిత్రమ్మ మెడ తన మాట వినలేదు. అడుగు బయటపెట్టే ముందు వెనక్కి చూడడం, ఎవరి ముఖం ఎట్లా ఉందో కనుక్కోవడం, ఆ తర్వాతే కదలడం ఆమెకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఇంతవరకు అదొక అలవాటని కూడా ఆమెకు తెలియదు. ప్రతిసారీ ఆగి, ఆ గుర్రమే దాన్ని చూపించింది.

ఎన్నోసారో తెలియదు. దిబ్బ మీద ఒక తెల్లకొంగ వచ్చి వాలింది. రాళ్ల మీద దానికేం పని అని చూస్తూ నడిచింది సావిత్రమ్మ. అది ఎగిరి మంచులో కలిసిపోయాక గాని గుర్రం సంగతి గుర్తు రాలేదు. అప్పుడు వినపడింది, వెనకాల మెత్తటి మట్టిలో గిట్టల చప్పుడు. వెచ్చటి ఊపిరి భుజం మీద పడింది. ఆమె మెడ తిరగబోయి ఆగింది. కళ్లు మూసుకుని నడిచింది. తాడు చేతిలో వదులుగా ఊగుతోంది. తన వెనక ఇంత పెద్ద ప్రాణి, ఎవరూ చెప్పకుండా, ఎవరూ లాగకుండా వస్తోంది. ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

“ఎక్కుతారా?” అంది కేథరిన్.

“నేనా? ఈ వయసులోనా? చీరతోనా?”

“ఈ మంచులో ఎవరు జూస్తారు?”

కేథరిన్ సంచిలోంచి తన ట్రాక్ ప్యాంటు తీసి ఇచ్చింది. పలకరాళ్ల దిబ్బ చాటున దాన్ని చీర కింద తొడుక్కుని, కుచ్చిళ్లు ఎగదోపుకుని వచ్చింది సావిత్రమ్మ. తన అవతారం చూసుకుని తానే ముందు నవ్వింది. రాళ్ల గుట్ట మీదికెక్కి, అక్కడ నుంచి వెన్నెల మీదికి చేరింది.

వెన్నెల కదల్లేదు. సావిత్రమ్మకు తొందర కూడా లేదు. అంత ఎత్తు నుంచి లోకాన్ని ఎప్పుడూ చూడలేదు. కింద మంచు పాలు పారబోసినట్టుంది, తానొక్కతే దానికి పైన ఉంది. ఎవరికీ ఏమీ తూచి ఇవ్వక్కర్లేదు. ఎక్కణ్నుంచో టిఫిను బండి తాలింపు వాసన వచ్చింది. కాళ్ల కింద గుర్రం ఒళ్లు మెల్లగా ఉబుకుతోంది, తగ్గుతోంది. కొంతసేపటికి తన ఊపిరి కూడా ఆ లెక్కలోనే నడుస్తున్నట్టు అనిపించింది.

“దాని మెడ జూడొద్దు, చెవులు జూడొద్దు,” కేథరిన్ గొంతు దూరంగా వినిపించింది. “నన్నూ జూడొద్దు. మీరు పోవాల్సిన తావు జూడండి.”

పోవాల్సిన తావు అంటూ సావిత్రమ్మకు ఎప్పుడూ లేదు. పడమటి దిక్కున మంచు చిరిగి నల్లమల కొండల వరస బయటపడింది. దాన్ని చూసింది. అప్పుడే వెనక నుంచి ఎండ వచ్చింది. ముందర నేల మీద ఒక పొడుగాటి నీడ పరుచుకుంది. గుర్రం, దాని మీద నిటారుగా ఒక మనిషి. ఎవరబ్బా అనుకుంది. తానేనని తెలిసే లోపల ఆ నీడ కదిలింది. వెన్నెల నడుస్తోంది.

ఎంతదూరం పోయిందో, ఎట్లా తిరిగిందో ఆమెకు తర్వాత గుర్తులేదు. ఊగుతున్న నడుము గుర్తుంది, కొండలు దగ్గరికి వస్తున్నట్టే ఉండి రాకపోవడం గుర్తుంది. చిన్నప్పుడు హనుమంతునిపాడులో తాత భుజాల మీద కూర్చుని కందిచేల మధ్య పోయినప్పుడు కూడా ఇట్లాగే ఉండేది. ఆ ఎత్తు మళ్లీ ఇన్నాళ్లకు దొరికింది. దిగాక వెన్నెల మెడకు చెంప ఆనించి నిలబడింది.

“పెళ్లిరోజు మీరే తాడు పట్టుకోండి పెద్దమ్మా. అన్న పడే పనే ఉండదు,” అంది కేథరిన్.

“నేను ఎదురు రాకూడదమ్మా. మొగుడు లేనిదాన్ని గదా.”

కేథరిన్ జీను పట్టీ విప్పుతూ, “దీనికా సంగతి తెలవదు పెద్దమ్మా,” అంది.

పెళ్లి దాకా మిగిలిన పొద్దుటిపూటలన్నీ సావిత్రమ్మ పూలకనో, పాలకనో చెప్పి ఆటో ఎక్కింది. ఒక్కరోజు కూడా బెల్లం తీసుకుపోలేదు.

పెళ్లిరోజు సాయంత్రం వీధి నిండా జనం. వర్జ్యం రాకముందే పెళ్లికొడుకు బయలుదేరాలని పార్వతమ్మ అందర్నీ తరుముతోంది. సావిత్రమ్మ మధ్యగదిలో, స్టీలు బేసిన్ల మధ్య, పీట మీద కూర్చుంది. ఆ ఇల్లు పాతకాలపు కోమటి ఇల్లు. వీధి గుమ్మం, నడిమి గుమ్మం, మధ్యగది గుమ్మం అన్నీ ఒకే వరసలో ఉంటాయి. అందుకే మధ్యగదికి పరదా వేశారు. పరదా ఇవతల ఆమె చెవులతో పెళ్లి చూస్తోంది. గిట్టలు సిమెంటు మీద మోగాయి. “మెల్లగా, మెల్లగా,” ఇది మణిదీప్. అందరూ ఓహో అన్నారు, అంటే ఎక్కి కూర్చున్నాడు. ఫోనులో రేపు ఫోటోలు చూడొచ్చు అనుకుంది. అట్లా అనుకోగానే ఏడుపొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బ్యాండు మొదలైంది. పాట అయిపోయింది. ఇంకో పాట కూడా అక్కడే అయిపోయింది. ఆ తర్వాత వాయిద్యాలు ఒక్కొక్కటీ ఆగాయి. గాలికి పరదా ఒకసారి తొలగింది.

గుమ్మాల వరస చివర, సాయంత్రపు వెలుగులో, వెన్నెల తెల్లటి ముఖం. ముఖమల్ గుడ్డ, అద్దాల కుచ్చులు, వాటి మధ్య నుంచి ఆ కళ్లు తిన్నగా లోపలికి చూస్తున్నాయి. చెవులు రెండూ ముందుకు నిలబడ్డాయి. పరదా మళ్లీ పడిపోయింది.

“లాగమ్మా తాడు!” “లాగితే రాదన్నా!” “వెనక నుంచి ఒకటి తగిలియ్యండిరా!”

“కొట్టొద్దు!” అని అరిచాడు మణిదీప్. “ఎవరన్నా చెయ్యేస్తే నేను దిగిపోతా!”

పార్వతమ్మ పళ్లెంలో కర్పూరం అయిపోయి మళ్లీ వెలిగించారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. కేథరిన్ గొంతు వినిపించింది. “అది పెద్దమ్మ లోపలుండేది పసిగట్టింది. ఆమె కోసం నిలబడింది. ఆమె వచ్చి తాడు పట్టుకుంటే పోతది.”

జనమంతా పార్వతమ్మ వైపు తిరిగారు.

“అమ్మా,” అన్నాడు మణిదీప్. అంత ఎత్తు నుంచి వచ్చిన గొంతు చిన్నపిల్లవాడిది లాగా ఉంది. “బయటికి రా మా. ఆ రోజే గట్టిగా చెప్పాల్సింది నేను. చెప్పలా.”

పార్వతమ్మ గబగబా లోపలికి వచ్చి పరదా పక్కకు జరిపింది. ముఖమంతా చెమట. “వర్జ్యం వస్తాంది సావిత్రీ. పక్కవాకిట్లో నుంచి సందులోకి వచ్చి తాడు పట్టుకో. ఎదురు మాత్రం రావద్దు తల్లీ, నీకు దండం పెడతా.”

సావిత్రమ్మ లేచింది. ఎడమవైపు పక్కవాకిలి. కాళ్లు అలవాటుగా అటే తిరిగాయి. రెండడుగులు వేసి, ఆడబిడ్డ ముఖం ఎట్లా ఉందో చూద్దామని ఎప్పటిలాగే వెనక్కి తిరగబోయింది. మెడ సగంలో ఆగింది. ఎదురుగా, వరస గుమ్మాల చివర, వెన్నెల ఇంకా చూస్తోంది.

సావిత్రమ్మ ఆ తెల్లటి ముఖాన్ని చూస్తూ తిన్నగా నడిచింది. నడిమి గుమ్మం దాటింది. వీధి గుమ్మం దాటింది. జనం రెండుగా చీలారు. ఆమె ఎవరినీ చూడలేదు, పైనున్న కొడుకును కూడా చూడలేదు. చూస్తే ఏడుస్తానని తెలుసు.

వెన్నెల తల వంచి ఆమె అరచేతిని వాసన చూసింది. అందులో ఏమీ లేదు. ఖాళీ చెయ్యి. అంతమందిలో ఒక్క క్షణం ఆమెకు భయమేసింది. కేథరిన్ తాడు అందించి పక్కకు తప్పుకుంది. సావిత్రమ్మ తూర్పుకు, మండపం వైపు తిరిగింది. గుర్రానికీ, కొడుకుకూ, బంధువులందరికీ వీపు చూపించి ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. వెనక ఏ చప్పుడూ లేదు. తిరగాలని మెడ మొత్తం లాగుతోంది. పోవాల్సిన తావు చూసింది. వీధి చివర మండపం దీపాలు అప్పుడే వెలిగాయి.

వెనక ఒక గిట్ట మోగింది. తర్వాత ఇంకొకటి. వెచ్చటి ఊపిరి భుజం మీద పడింది.

పొద్దు నల్లమల మీదికి వాలుతోంది. దాని వెలుగు వీధి పొడుగునా వెనక నుంచి వస్తోంది. సావిత్రమ్మ ముందర రోడ్డు మీద పెద్ద నీడ పరుచుకుంది. గుర్రం, దాని మీద పెళ్లికొడుకు, తలపాగా, తలపాగా మీద ఊగుతున్న కుచ్చు. ఆమె నీడ కూడా అందులోనే ఎక్కడో కలిసిపోయింది. కొడుకు నిటారుగా కూర్చున్నాడు, భయపడటం లేదు. ఆమె కళ్లనిండా చూసుకుంది.

“ఏంది, అట్ల నిలబడి జూస్తన్నారు?” వెనక నుంచి పార్వతమ్మ గొంతు వణుకుతూ వినిపించింది. “వాయించండి, మా వదినె ముందర నడుస్తాంది.”

వరసకు మరదలైన సావిత్రమ్మను ఆమె పెద్దరికమిచ్చి వదినె అనడం అదే మొదలు. సావిత్రమ్మ విన్నది. తిరిగి చూస్తే గుర్రం ఆగుతుంది కాబట్టి, చూడకుండా నడిచింది.